నాలుగో పేజీ అడుగున

నాలుగో పేజీ అడుగున
రోజూ మూడు వేళ్ల మందం ఖాళీ మిగిలేది.
సంతాప ప్రకటన చిన్నదైతే నాలుగు వేళ్లు.
దాన్ని వింతలతో పూడ్చడం నా ఉద్యోగం.
పైన "మీకు తెలుసా?" అని ఒక గీత,
కింద ఆక్టోపస్‌కి మూడు గుండెలు,
కీచురాయికి చెవులు ముంగాళ్ల మీద.

కూర్మారావు గారు ఎర్ర పెన్ను మూత తీయకుండానే
అడిగేవారు: "చూశావా?"
"చదివానండీ."
"చదివినోడు ఇంకో చదివినోడికి అంటిస్తే
అది సంగతి కాదురా, జలుబు."

అలా మొదలైంది.
బాతు అరుపుకి ప్రతిధ్వని ఉండదని ఎవరో అంటే
గవరయ్య దగ్గర బాతును అద్దెకి తీసుకుని
సైకిల్ బుట్టలో పెట్టుకుని, గవరయ్యని వెనకెక్కించుకుని
నాగావళి వంతెన కిందికి దిగాను.
అది అరవలేదు.
గంటసేపు ఇసుకలో నత్తల్ని వెతుక్కుంది.
"ఇదేటి ఉజ్జోగంరా నాయినా" అని
గవరయ్యే విసిగి, చేతులు నోటికి అడ్డం పెట్టి
బాతులా అరిచాడు.
వంతెన గవరయ్యని గవరయ్యకి తిరిగిచ్చింది.
అప్పుడు బాతు తలెత్తి
ఒకే ఒక్కసారి అరిచింది.
వచ్చింది. సన్నగా, తోక కత్తిరించినట్టు,
కానీ వచ్చింది.
అబద్ధం, అని రాశాను మర్నాడు.
బాతు అద్దెకి రసీదు ఏదని అడిగింది ఆఫీసు.

పుచ్చగింజ మింగితే కడుపులో తీగ పాకుతుందన్నది
ఎనిమిదో ఏటే తేల్చుకున్నాను,
ఏడుస్తూ, మూడు రాత్రులు.

కొన్ని తేలవు.
ఏడు రోడ్ల కూడలిలో నిలబడి
ఎన్నిసార్లు లెక్కపెట్టానో!
టీ కొట్టు సింహాచలం ఆ సందునీ రోడ్డే అంటాడు,
ట్రాఫిక్ కానిస్టేబుల్ ఒప్పుకోడు.

చూడకుండా రాసింది ఒక్కటే:
పొందూరులో పత్తిని చేప పళ్లతో దువ్వుతారని.
చిన్నప్పట్నుంచీ విన్నదే కదా, చూసేదేముంది అనుకున్నాను.
రిటైరైన లెక్కల మాస్టారి నుంచి ఉత్తరం:
"ఖద్దరుకి నీచు అంటగడతారా?
తక్షణం సవరణ వేయండి."
కూర్మారావు గారు ఈసారి పెన్ను మూత తీశారు.

మధ్యాహ్నం బస్సు.
తవిటమ్మ గారి గదిలో గాలాడదు;
పత్తి ఎగురుతుందని తలుపు మూసే ఉంచుతుంది.
వచ్చిన పని చెప్పాను.
ఆవిడ ఏమీ అనకుండా
నా చేతిలో ఒక దవడ పెట్టింది.
వాలుగ చేపది.
తేలిగ్గా, పసుపుపచ్చగా, పుల్లకి దారంతో కట్టి.
"అటు కాదు. ఇటునుంచి రాయి ఏలు."
రాశాను.
కంటికి ఆననంత సన్నటి పళ్లు
చూపుడు వేలి మీద ఎర్ర చుక్కల వరస వేశాయి.
వాసన కూడా చూశాను, మాస్టారి కోసం.
పత్తి వాసనే.

"నిజవేనా?"
"నిజమేనమ్మా."
"సిత్రంగా ఉన్నాదేటి?"
"ఉంది."
అరటి డొప్పలోంచి ఏకు తీస్తూ, నా వైపు చూడకుండా
"అయితే ఇదీ రాసుకో" అని
రోజంతా వడికితే చేతికెంతొస్తుందో చెప్పింది.
మళ్లీ అడిగాను. అదే అంకె.
ఇంకోసారి అడగకముందే
లేచి వెళ్లి పాస్ పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

ఇంత బాగా సరిచూసిన సంగతి
నా ఉద్యోగం మొత్తంలో లేదు.
మనిషి ఉంది, కాగితం ఉంది,
వేలి మీద చుక్కలున్నాయి.

కూర్మారావు గారు రెండుసార్లు చదివారు.
"ఇది ఆ పెట్టెలోకి రాదురా."
"ఎందుకండీ, నిజం కాదా?"
"వింత కాదు."

ఆ రోజు ఆక్టోపస్‌నే మళ్లీ వేశారు,
మూడు గుండెలతో సహా.

రాత్రి ఇంటికెళ్తూ ఏడు రోడ్ల దగ్గర ఆగి
చుక్కల వేలితో చూపించుకుంటూ
ఇంకోసారి లెక్కపెట్టాను.
ఎన్నొచ్చాయో చెప్పను.
మీరే వచ్చి నిలబడి చూసుకోండి.
ఆ సందు దగ్గర మాత్రం
సింహాచలంతో వాదన పెట్టుకోకండి.
వాళ్ల ఇల్లు అందులోనే.