గరుకు

మొదటి ఫొటో చూసి వాటీ స్ట్రాహన్ ఏమీ అనలేదు.
వలలు కుట్టే బల్ల మీద బోర్లించి,
కాసేపాగి,
"ఎవరు ఎల్స్‌పెత్ ఈ సబ్బుబిళ్ళ?" అన్నాడు.

తప్పు నాదే.
వంద వేగం ఫిల్ము, మహా బుద్ధిమంతురాలు,
ఎవరినైనా ఇస్త్రీ చేసి చేతికిస్తుంది.
నలభై ఏడేళ్ళు ఉత్తర సముద్రం
ఉప్పుకాగితం పెట్టి రుద్దిన మొహానికి
మీగడ రాసి పంపింది.

పీటర్‌హెడ్‌లో ఆ వారం పొగమంచు
రేవు గోడ దాటి, చేపల సంత దాటి,
మా వీధి చివర పబ్బు దాకా వచ్చి కూర్చుంది.
దూరాన్నించి ఒకటే తెల్లదుప్పటి.
లోపలికి నడిస్తే
కనురెప్పల మీద బొట్లు, బొట్లు, బొట్లు.

సొరుగు అడుగున
నాలుగువందల ఫిల్ము ఒక్క రీలు దొరికింది.
మీటరుని పదహారువందల దగ్గర పెట్టాను.
అబద్ధమే.
ఆకలేసిన దానికి
పావువంతు వెలుతురు వడ్డించి
విస్తరి ఎత్తేయడం.
తర్వాత మందులో ఎక్కువసేపు నానబెట్టి
ఆ పస్తుని మొహంలో చూడటం.

వలల షెడ్డులో ఒకటే బల్బు.
వాటీ తలెత్తలేదు.
పళ్ళ మధ్య దారం, వేళ్ళలో సూది,
ఎవరో తెంపిన సముద్రాన్ని ముడేస్తున్నట్టు.
ముప్పై ఆరుసార్లు నొక్కాను.
రీలు చివర ముప్పై ఏడోది కూడా పడింది, సగమే.
అందులో అతను దగ్గుతున్నాడు.

నా చీకటిగది ఒకప్పుడు
హెర్రింగు చేపలకి పొగబెట్టిన కొట్టు.
గోడలు ఆ వాసన వదల్లేదు,
వదలమని నేనూ అడగలేదు.
అలమరలో రెండు మందులు.
ఒకటి నెమ్మదస్తురాలు,
వెండి గింజల అంచులు కాస్తకాస్త కరిగించి
ఎవరికీ గుచ్చుకోకుండా చేస్తుంది.
రెండోది
గిల్‌క్రిస్ట్ తన మందులకొట్టు మూసేస్తూ ఇచ్చిన సీసా,
డికాషన్ రంగు,
ముఖప్రీతి మాటలు రానిది.

రెండోదే తీశాను.
పాతిక పాళ్ళ నీళ్ళకి ఒక పాలు.
ఇరవై డిగ్రీలు చాలంటారు, ఇరవై నాలుగు పెట్టాను.
నిమిషానికోసారి మెల్లగా తిప్పమంటారు,
అర నిమిషానికోసారి
కవ్వం పట్టినట్టు చిలికాను.
గడియారం చెడిపోయి ఏడాది.
రేడియోలో పడవలవాళ్ళకి చెప్పే వాతావరణమే నా కొలత,
ఒక్కో సముద్రం పేరూ, గాలీ, వానా, చూపు ఆనే దూరమూ.
చివరి తీరం పేరు వినగానే పారబోశాను.

నెగెటివ్‌లో గోరంత మూల,
కేవలం మొహం,
దాన్ని తలుపంత కాగితం మీద పరిచాను.
కాగితం కూడా కఠినమైనదే,
నలుపంటే నలుపు, తెలుపంటే తెలుపు.
ట్రేలో ముందు ఇసుక లేచింది.
ఇసుకలోంచి ముక్కు.
ఆ తర్వాత,
నేను వద్దనుకుంటున్నంతలో,
కన్ను.

వాటీ వచ్చి ముక్కు ఆనించి చూశాడు.
"ఇందులో నేనెక్కడ? ఎవరో నూకలు ఒలకబోశారు."
వెనక్కి జరగమన్నాను.
ఒక అడుగు. ఇంకొకటి.
గుమ్మానికి వీపు తగిలాక
ఆగిపోయాడు.

చాలాసేపటికి,
"డాక్టరు అక్టోబరు దాకా అన్నాడు.
నూకలు చెల్లాయనే అనుకున్నా ఎల్స్‌పెత్.
చూడు,
బస్తాడున్నాయి."
నవ్వబోయాడు. దగ్గొచ్చింది.

ఫొటోని చుట్టి, వలదారంతో కట్టి,
వానలో తడవకుండా కోటులోపల పెట్టుకుని వెళ్ళాడు.
సబ్బుబిళ్ళని నాకే వదిలేశాడు.
దాని వెనక ఇప్పుడు మందుల పాళ్ళు రాసుకుంటున్నాను.

ముప్పై ఏడోది
క్లిప్పుకి వేలాడుతూనే ఉంది.
దానికి ఏ కాగితం వాడాలో
ఇంకా తేలలేదు.