గడ్డి సూడ్డానికి

రాయదుర్గం బస్టాండు ఎదురుగ్గా జిరాక్సు అంగట్లో
షేక్షావలి నా పేరు కొట్టినాడు, నాయిన పేరు కొట్టినాడు,
పుట్టిన తేదీ కాడ నన్నడక్కుండా జులై ఒకటి అని కొట్టినాడు
(మా ఊర్లో అందరమూ ఆ దినమే పుట్టినాము).
ఆన్నుంచి కదల్లేదు.
"కారణం అడుగుతాంది మామా. ఏంటికి పోతాండావు?"

గడి చిన్నది. ఇరవై అచ్చరాలు పడతాయంట.

డెన్మార్కులో పడమటి గట్టు. జట్లాండ్ అంటారు.
ఫోన్లో వెతికినాడు పిల్లోడు.
రంగురంగుల మిద్దెలు, పడవలు, సైకిళ్లు
అన్నీ తూర్పు పక్కే ఉండాయి.
"నువ్వు పొయ్యేతట్టు ఏమీ ల్యా మామా,
మబ్బూ, ఇసకా. సముద్రం సూడాలంటే
రైలెక్కి చీరాల పోరాదా?"

సముద్రానికి కాదబ్బీ.

బెళుగుప్ప గాలిమరల కాడికి వచ్చిన ఇంజనీరమ్మను
పద్దెనిమిది నెలలు జీపులో తిప్పినా.
కిర్‌స్టెన్ ఆమె పేరు. మావోళ్లు కిష్టమ్మను చేసినారు.
ఒక ఆదివారం దర్గాహొన్నూరు తోలకపోయినా, మా ఊరికి.
ఆషాఢం. హగరి మీద నుంచి గాలి
ఏట్లో ఇసకనంతా ఎత్తుకోని చేన్ల మీదికి తెస్తాంది.
మా నాలుగెకరాల్లో రెండు దిబ్బ కింద ఉండాయి.
గెట్టురాయి ఏడుందో తెలుసుకోవాలంటే
గడ్డపార దిగేసి ఠంగుమనేదాకా పొడవాల.
రికార్డులో మాత్రం అది ఇప్పటికీ నల్లరేగడి.

ఆమె చెప్పులిడిసింది. దిబ్బెక్కింది.
పిడికెడు తీసుకోని నాలిక్కి తాకిచ్చుకునింది.
నేను వద్దంటానే ఉండా.
"మా ఊరి ఇసకే," అనింది. "ఉప్పొకటి తక్కువ."

ఆ పొద్దు రొట్టెల్లో ఇసక కరకరమంటాంటే
మా ఇంటిది సిగ్గుపడె. కిష్టమ్మ తింటానే చెప్పె.
వాళ్ల తాతల కాలంలో గుడి సగానికి పూడిందంట,
గంట కొట్టల్లంటే కిటికీలోంచి దూరి పొయ్యేవాళ్లంట.
ఇండ్లు ఇడిసిపెట్టినోళ్లు పెట్టినారు.
మిగిలినోళ్లు గడ్డి నాటినారు.
మోకాళ్ల మీద కూచోని, జానకొకటి,
ఆడోళ్లూ పిల్లోళ్లూ, తరాలు తరాలు.
దాంట్లో ఒక పోచ పెరికితే జుల్మానా.
హెల్మ అనో ఏమో పేరు చెప్పింది,
మన దర్భకు చిన్నాయన కొడుకు లాంటిదంట,
ఇసక మీద పడేకొద్దీ ఇంకా ఎత్తుకు లేస్తాదంట.

"మా దేశమోళ్లే రారు మా కాడికి," అనింది.
"ఎండ కావాలని పరదేశం పోతారు.
మా గట్టున గాలి, వాన, మూసేసిన చేపలంగడి."
ఎండ కోసం పొయ్యేవాళ్లుంటారని
మా అమ్మకు ఇడమరిచి చెప్పేతలికి
నాకు అద్దగంట పట్టింది.

అందుకబ్బీ.
ఆడ నేను సముద్రానికి వీపు పెట్టి నిలబడాల.
ఆ గాలికి నా చొక్కా ఎటు ఎగురుతాదో సూడాల.
నిలబడిపోయిన ఇసకంటే ఎట్లుంటాదో
అరికాలుతో తొక్కి సూడాల.
ఒక దిబ్బ కదలకుండా నూరేండ్లు కూచుంటే
దానికేం పేరు పెడతారో, దాని మీద ఎవురు నడుస్తారో.
వాళ్లు కూడా గెట్టు కోసం కొట్లాడినారేమో అడగాల.
కొట్లాడకుండా నాటినారంటే మాత్రం నమ్మను.

దుడ్లా? పొట్టేళ్లు ఆరు అమ్మినా. జీపు కుదవబెట్టినా.
మా ఇంటిది మాట్లాడ్డంల్యా, నాలుగు దినాలాయె.
"గడ్డి మన గెట్టున ల్యాదా" అనిందే ఆఖరి మాట.

షేక్షావలి అంతా ఇన్యాడు.
ఇని, గడిలో టూరిజం అని కొట్టినాడు.
అడ్రసు అడిగితే కిష్టమ్మ రాసిచ్చిన చీటీ తీసినా.
మడతలోంచి నాలుగు రేణువులు కీబోర్డు మీద రాలె.
పిల్లోడు ఉఫ్‌మని ఊదినాడు.

ఊదితే పోదబ్బీ అది.
పక్క అంగట్లోకి జరుగుతాది, అంతే.