తలకట్టు

మొదటి వారం తీసిందంతా చెరిపేశాం.
దెయ్యం కంటే ముందు కెమెరాయే జడుసుకుంది.
నా భుజమ్మీద అది, మెట్లమీద నేను,
పాత పోస్టాఫీసు సందులో ఎవరో తరుముతున్నట్టు పరుగు.
తెర మీద చూస్తే
గోడ, పాదం, బల్బు, మళ్ళీ గోడ,
హేమసుందర్ చెప్పు.
తబిత తెల్లచీర ఒక్క ఫ్రేములోనూ నిలవలేదు.
"మూర్ఛ దెయ్యానికా, దీనికా?" అంది తను
ముఖమ్మీది పౌడరు తుడుచుకుంటూ.

పుచ్చకాయల గురుమూర్తిని తోపుడుబండి అడిగాం.
చక్రాలకి కొబ్బరినూనె, కెమెరా కింద సైకిల్ ట్యూబు,
ట్యూబులో సగం గాలే.
తోసేవాడు ఊపిరి బిగబట్టాలి.
అయినా సందులో ప్రతి నాపరాయీ
తన పేరు చెప్పుకుంటూనే ఉంది.
చివరికి చక్రానికి ఇటుక అడ్డం పెట్టాం.
ఆపడం నేర్చుకోవడానికి
నాకు పదకొండు రాత్రులు పట్టింది.

ఈ ఊళ్ళో లెన్సుకీ సముద్రానికీ పడదు.
ఏసీ గదిలోంచి బయటికి తీస్తే చాలు, కంటిమీద పొర.
మొదట్లో లుంగీ అంచుతో తుడిచేవాణ్ణి.
ఇప్పుడు గంట ముందే సంచీ విప్పి వసారాలో పెడతాను,
ఉప్పుగాలితో ముందు వాళ్ళూ వాళ్ళూ మాట్లాడుకోనీ అని.
ఒకసారి మాత్రం పొర విడిపోతుండగా తీసి ఉంచాను:
నడవా చివర తలుపు
ముందు లేదు,
తర్వాత ఉంది.

ఫోకస్ గొళ్ళెం మీద పెట్టి మనిషిని మసకలో వదిలెయ్యడం,
మధ్యలో నిలబెట్టక కుడిమూలకి నెట్టెయ్యడం,
అన్నీ వచ్చాయి.
భయం రాలేదు.

అది పొరపాటున వచ్చింది.
"కట్" అనాల్సినవాడు కునికాడు.
నేను బటన్ నొక్కలేదు.
తబిత కాసేపు అలాగే నిలబడింది.
మోచేతి దగ్గర దోమకాటు గోక్కుంది.
తర్వాత ఏమీ చెయ్యలేదు.
ఎవరూ చూడటం లేదనుకున్నప్పటి ముఖం.
నాలుగేళ్ళు ఒకే క్యాంటీన్లో టీ తాగాం,
ఆ ముఖాన్ని నేనెప్పుడూ కలవలేదు.
కొండమీది లైట్‌హౌస్ వెలుగు గోడమీదుగా ఓసారి పోయింది,
మళ్ళీ వచ్చేదాకా
నా వెన్ను నాది కాదు.

ఇక టైటిలు.
మొదట రక్తం కారే అక్షరాలే పెట్టాం, అందరిలాగే.
సాఫ్ట్‌వేర్ తెలుగుని నమిలి ఉమ్మింది.
దర్శకత్వంలోంచి వత్తు జారి పక్కన కూర్చుంది.
సినిమా మొత్తంలో అప్పటికి అదొక్కటే దడిపించింది.

ఫిషింగ్ హార్బర్‌లో పడవలకి పేర్లు రాసే ఓలేసు దగ్గరికెళ్ళాం.
"పేరేటి?"
"కదలకు."
"పడవకా!"
"సినిమాకి."
"అలగైతే పర్లేదు," అని
విరిగిన పడవ చెక్కొకటి తిరగేశాడు.

మెలికలు ముందు, కొమ్ము తర్వాత,
తలకట్లు మాత్రం అన్నిటికీ ఆఖర్న.
"అదెట్టిందాకా పేరు కాదు బావూ, ఒట్టి మెలికలే."
కాళ్ళకింద చేపల నీళ్ళు పారుతున్నా
కదలకుండా తీశాను.

గదికొచ్చి వెనక్కి నడిపించాం.
బ్రష్షు రంగుని పీల్చుకుంటోంది.
ముందు కు తల పోయింది, తర్వాత ద, తర్వాత క.
ల మాత్రం అలాగే ఉంది.
దానికి తల మొదట్నుంచీ లేదు,
ఒకటో తరగతి నుంచీ
మన మధ్యే తిరుగుతోంది.

ఫోన్లో ఓలేసుకి చూపించాను.
రెండోసారి పెట్టమన్నాడు.
మూడోసారి తన కుడిచేతిని వెనక దాచుకుని చూశాడు.
"నాను పేరెట్టిన పడవలు మూడు తిరిగి రాలేదు బావూ.
ముందు పేర్లెల్పోయుంటాయేటి, ఇలగ?"

జవాబు కోసం ఆగలేదు.
డబ్బా మూత తీసి
పక్క పడవకి కొత్త పేరు మొదలెట్టాడు,
ఈసారి
తలకట్టుతో.