మినహా

నర్సాపురం కోర్టు వరండాలో
మూడో స్తంభానికి ఆనుకుని నలభై ఒక్క ఏళ్లు కూర్చున్నాను.
గుమస్తాని. గుబ్బల సత్తిరాజు నా పేరు.
ఆకొండి విశ్వపతి ప్లీడరుగారి కాగితం ఏదైనా
నా చేతి చెమట తగిలాకే జడ్జీగారి బల్ల ఎక్కేది.

మొదట్లో ఆయన ఫీజంటే
పెసలు, మినుములు, ఒకసారి మేకపిల్ల.
లంకభూముల కేసులు ఎవరూ పట్టేవారు కాదండి.
గోదారి ఈ ఒడ్డు కోసుకుపోయి
ఆ ఒడ్డున మేట వేస్తుంది.
సర్వే నంబరు నీళ్లలో ఉంటుంది,
పొగాకు మొక్క ఇసకలో ఉంటుంది.
పెచ్చెట్టి మంగాయమ్మ తరఫున లేచి
"ఏరు ఇచ్చిన భూమికి ఏటినే సాక్షిగా పిలవండి" అన్నాడాయన.
జడ్జీగారు పడవెక్కారు. నిజంగానే ఎక్కారు.
బంట్రోతు దారంతా వాంతులు చేసుకున్నాడు.
గెలిచాం.
మంగాయమ్మ అరటిగెల మోసుకొచ్చి
నా కాళ్ల దగ్గర దించింది,
ఇద్దరిలో ప్లీడరెవరో తెలియక.

ఆ తర్వాతెప్పుడో
వాదించి గెలవడం ఆలస్యమనిపించింది ఆయనకి.
"చట్టం వండే చోటికే పోతే
వాయిదాలుండవు కదా సత్తిరాజూ."
సాయంత్రం నర్సాపురం ఎక్స్‌ప్రెస్సు,
పై బెర్తులో ఆయన, కింద నేను,
నా మోకాళ్ల మధ్య థర్మాకోల్ పెట్టె.
శ్రావణంలో పులస. మిగతా రోజులు పూతరేకులు.
ఏ సెక్షనాఫీసరుకి షుగరుందో,
ఏ పేషీలో ఎవరి మాట చెల్లుతుందో,
ఏ తలుపు తోసుకుని వెళ్లాలో
ఏ తలుపు బయట నిలబడి దగ్గాలో,
అన్నిటికీ ఒక నోటుబుక్కు. దస్తూరీ నాదే.

రైసుమిల్లుల వాళ్లొచ్చారు. చెరువుల వాళ్లొచ్చారు.
జనం పైరవీ అనేవారు, ఆయన విన్నపం అనేవాడు.
నల్లకోటు బీరువాలోకి పోయింది, తెల్ల సఫారీ వచ్చింది.
అబద్ధమెందుకు,
మా ఇంటి స్లాబు కూడా ఆ పెట్టెలోంచే పడింది.

ఒక జీవో. పదకొండు లైన్లు.
వరిచేలల్లో ఉప్పునీటి చెరువులు తవ్వరాదని.
బాగానే ఉంది. కానీ
ఏడో లైన్లో ఒక్క మాట కావాలన్నారు చెరువుల వాళ్లు.
నాలుగు నెలలు, తొమ్మిది రైళ్లు,
పులసలకి లెక్క లేదు.
"ఇదివరకే తవ్వినవి మినహా."
మూడక్షరాలు.
ఆ వారమంతా పొక్లెయిన్లు నిద్రపోలేదు.
వారం తిరిగేసరికి
ప్రతి గొయ్యీ ఇదివరకటిదే.

ఏళ్లు గడిచాక,
ఆయనకి చూపు ఆని ఆనని రోజుల్లో
పాలకొల్లు నుంచి ఒక అమ్మాయి వచ్చింది, నల్లకోటుతో.
మంగాయమ్మ మనవరాలు, రత్నమణి.
సంచిలోంచి సీసా తీసి బల్లమీద పెట్టింది.
ఆయన దాహమేసి తాగేశాడు.
"ఉప్పేశావా సత్తిరాజూ?"
"మా చేతిపంపండి" అంది ఆ పిల్ల.

కేసు పట్టమని అడిగింది.
"నేను పట్టకూడదమ్మా. ఆ మాట నాదే."
గోడ గడియారం కొట్టడం మొదలెట్టి ఆపేసింది.
ఆయన ఆపలేదు:
"ఇదివరకే అంటే ఎప్పటికి? తేదీ వెయ్యలేదు చూశావా?
కావాలనే వెయ్యలేదు. అక్కడ పట్టుకో."
ఆమె రాసుకుంది. దణ్ణం పెట్టలేదు.
సీసా మాత్రం వదిలేసి వెళ్లింది.

కార్తీకంలో పోయాడు.
చెరువుల సంఘం ఫ్లెక్సీ కట్టింది, డెల్టా ముద్దుబిడ్డ అని.
బార్ రూములో రెండు నిమిషాలు నిలబడ్డాం,
ఎవరి ఫోనో మోగింది.

కేసు నడుస్తోంది.
వాయిదాకి వాయిదాకి బస్సెక్కి వెళ్లి
హైకోర్టు వెనక బెంచీలో కూర్చుంటాను.
నన్నెవరూ పిలవలేదు.
రత్నమణి కాగితాలకి పెట్టె లేదంటే
థర్మాకోల్‌ది ఇచ్చాను.
మూత తీసిన ప్రతిసారీ ముక్కు చిట్లిస్తుంది.
కడిగానమ్మా, అంటాను,
మూడుసార్లు కడిగాను.