ఉన్ని ఉండ

చిలోయే దీవిలో ఆగస్టు వాన.
మూడు రోజులు ఎడతెరిపి లేదు.
నాలుగోనాడు పాటుకు నీళ్ళు వెనక్కి తీస్తే
రాళ్ళ మీద అది ఉంది.

నీలి తిమింగలం అంటారు గానీ
ఒడ్డున పడ్డాక దాని రంగు తడిపిన పలక.
ఏ పిల్లాడో చెరిపీ చెరపని లెక్కల్లా
ఒళ్ళంతా బూడిద మచ్చలు.
ఏ రెండింటికీ ఒక్కలా ఉండవట,
మచ్చలు చూసే ఏది ఏదో పోల్చుకుంటామంది
వల్దీవియా నుంచి వచ్చిన రాయెన్,
మోకాళ్ళదాకా బూట్లు, చెవి మీద పెన్సిలు.

టేపు కొస నా చేతిలో పెట్టింది.
ఆల్చిప్పలు ఏరుకు బతికేవాణ్ణి, పట్టుకొమ్మంటే పట్టుకున్నాను.
నా పడవను అడ్డంగా పెట్టినా
ఇంకా అటూ ఇటూ మిగిలే తోక.
ఆ పిల్ల తల వైపు నడుస్తూ నడుస్తూ
నా కళ్ళముందే చిన్నదైపోయింది.
వీపు చివర రెక్కను చూస్తే నవ్వొచ్చింది.
అంత దేహానికి జానెడు మొలక,
అన్నీ అయ్యాక గుర్తొచ్చి గిల్లి అంటించినట్టు.

ఇరవై మీటర్లకు టేపు అయిపోయింది.
తల అప్పుడే మొదలవుతోంది.

గట్టు మీంచి ఎదువీహిస్ దిగొచ్చింది,
బుట్టలో నల్లగొర్రె ఉన్ని ఉండ.
"ఇది చాలదా?" అంది.

ఉండ దొర్లుకుంటూ పోయింది,
గొంతు కింద నాగలి చాళ్ళ పక్కనుంచి
(డెబ్బై దాకా లెక్కపెట్టి వదిలేశాను)
అవి విచ్చుకుంటే
తన బరువంత సముద్రం లోపల పడుతుందట.
నోట్లో పళ్ళు లేవు,
వరసగా వేలాడేసిన నల్ల చీపుర్లు.
నాలుక ఒక్కటే మా చర్చి గంట కన్నా బరువు.
ఇంత ఆర్భాటమూ చేసి
మింగే దారి మాత్రం నా రెండు పిడికిళ్ళంత!
తినేది వేలెడు లేని రొయ్యపిల్లల్ని.

కన్ను నా అరచేతిలో పట్టేది.
మూసి లేదు.
నేను అటు తిరిగి నిలబడ్డాను.

మర్నాడు కోశారు. ఆ వాసన చెప్పను.
చెవిలోంచి మూరెడు గుబిలి తీసింది రాయెన్,
కొవ్వొత్తి లాంటిది. నిలువునా చీలిస్తే
లేత గీత, ముదురు గీత, లేత, ముదురు.
తిన్న కాలం, పస్తున్న కాలం.
"ముప్పై ఏళ్ళది, ఒకటో రెండో అటూ ఇటూ. ఆడది."

ఎదువీహిస్ వంగి చూసింది.
"పదకొండేళ్ళ కిందటిది ఏది?"
రాయెన్‌కు తెలియదు, నాకు తెలుసు,
ఒనోఫ్రే పడవ ఖాళీగా తిరిగొచ్చిన ఏడు.
పెన్సిలు మొనతో వెనక్కి లెక్కపెట్టి
"ఇదిగో, ఇక్కడ" అంది రాయెన్.
"లేత గీత వెడల్పుగా ఉంది. ఆ వేసవి బాగా తిన్నది."
ముసలామె తల ఊపింది.
మంచిదే అన్నట్టో, ఇంకేమన్నట్టో.

దారాన్ని బడి గోడ వెంట పరిచి కొలిచారు.
తడిసిన ఉన్ని సాగుతుంది కదా,
పొద్దున ఒక లెక్క, సాయంత్రానికి ఒక లెక్క.
చివరికి "సుమారు" అని రాసి పుస్తకం మూసేసింది రాయెన్.

ఎదువీహిస్ ఆ దారాన్ని అడిగి తీసుకుంది.
రెండుసార్లు ఉతికి, ఎండలేని ఎండలో ఆరేసి,
చలికాలం పోకముందే నాకో జత మేజోళ్ళు అల్లింది.
ఆ తిమింగలం పొడవంతా పెట్టి అల్లితే
ఎడమకాలి వేళ్ళ నుంచి పాదం సగం దాకా వచ్చిందట.
మిగతాది మామూలు ఉన్నే.

ఎక్కడ ముడి వేసి కలిపిందో
తొడుక్కున్నప్పుడల్లా కాలికి తెలుస్తుంది.