పాసంగం

కొరుక్కుపేట గేటు పడితే
మేడ మీది మా గది కూడా ఆగినట్టుంటుంది.
గూడ్సు పెట్టెలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశాను,
ఈ రాత్రి మళ్ళీ లెక్కపెడుతున్నాను.
ఒళ్ళో నలభై మూడు వ్యాసాలు.
పొద్దున తొమ్మిదికల్లా గ్రేడులు కావాలట ఆఫీసుకి.

నాలుగు గళ్ళు: విషయం, అమరిక, భాష, అక్షరాలు.
గడికి నాలుగు, మొత్తం పదహారు.
బోర్డు మీద ‘నీరు’ అని రాసి
నలభై నిమిషాలిచ్చాను.

గిరిధరన్ అయిదు పేరాలు రాశాడు.
నీరు ప్రాణాధారం, నీరు లేనిదే జీవం లేదు,
కావున మనమందరం నీటిని పొదుపు చేయవలెను.
గైడులో బయల్దేరిన వాక్యాలు
ఒక్క కామా కూడా జారకుండా
క్షేమంగా చేరాయి.
పదిహేను.

తులసిమణి పేజీన్నర.
లారి రాని దినం మా వీది గమ్మునుండును.
బిందెలు మాకన్నా ముందే లేచి వరసలో నిలుచును.
ఏది ఎవరిదో తెలియాలని పెయింటుతో పేర్లు రాసినాము.
నేను నా పేరు నేర్చింది పలక మీద కాదు, బిందె మీద.
మా యమ్మకు చీకటంటే బయము లేదు, లారి డ్రైవరంటే బయము.

ఎర్ర పెన్ను ఆగింది.
బయము. ఒత్తు లేదు.
రెండు చోట్లా లేదు.
ఆ ఇంట్లో భయానికి ఒత్తు పెట్టే తీరిక ఎవరికుంది
అనుకుంటూనే
అక్షరాల గడిలో ఒకటి వేశాను.
విషయానికి నాలుగు, తక్కిన వాటికి రెండేసి.
తొమ్మిది.
పదహారుతో భాగిస్తే యాభై ఆరుంపావు.
సీ వన్.

మధ్యాహ్నం లెక్కల వరదరాజులు సారు
టిఫిన్ డబ్బా మూత మీద వేలితో రాసి చూపించాడు:
"మూడంటే ‘బాగుంది’ అని కదమ్మా నీ చార్టులో?
నాలుగుతో భాగిస్తే డెబ్బయ్యయిదు.
బాగున్నది కాస్తా భాగారంలో పడి
పర్వాలేదైపోయింది.
రెండంటే ‘నేర్చుకుంటోంది’. నేర్చుకునే పిల్లకి యాభయ్యా?"
ఆయన పట్టీ వేరు.
నాలుగుకి తొంభై అయిదు, మూడుకి ఎనభై అయిదు,
రెండుకి డెబ్బై రెండు, ఒకటికి అరవై.
ఆ డెబ్బై రెండు ఎక్కడిదండీ అంటే
పెరుగన్నం కలుపుతూ "అనుభవం" అన్నాడు.

వేసి చూశాను.
తులసిమణి డెబ్బై నాలుగూ ముప్పావు. బీ వన్.
గిరిధరన్ ఎక్కడివాడక్కడే, ఏ వన్,
వాడి సొమ్మేం పోలేదు.
అయినా నా వేలు మీట మీద దిగలేదు.

కొత్తవాల్ చావడిలో మా నాన్నది బియ్యం కొట్టు.
తక్కెడ చిప్పలు రెండూ ఒక ఎత్తున నిలిచేవి కావు.
తేలిక చిప్ప కింద
గుడ్డపీలికలో గులకరాయి కట్టేవాడు,
పాసంగం అనేవాడు దాన్ని.
కొత్త బేరం అనుమానంగా చూస్తే
ఖాళీ తక్కెడ ఎత్తి పట్టుకునేవాడు
ముల్లు నడిమికి వచ్చేదాకా నోరు విప్పకుండా.
"రాయిది కాదు పాపా, తక్కెడదే అబద్ధం."

నాన్న పోయాక అమ్మ చెప్పింది,
పండగ వారాల్లో
ఆ గుడ్డలో రెండో రాయి ఉండేదని.

డెబ్బై రెండు ఏ రాయో.

తరవాతి పేపరు యేసుపాదానిది.
నీరు, అని పేరు పెట్టాడు,
కింద స్కేలుతో గీత, చాలా తిన్నగా.
ఆ పైన అంతా తెలుపే.
సున్నాకి ఎంత కట్టాలో
సారు చెప్పలేదు, నేనడగలేదు.
రెండు వారాలుగా చివరి బెంచీలో ఎందుకు నిద్రపోతున్నాడో
అదీ అడగలేదు.

మూడుంపావుకి సందు చివర లారీ హారను.
మార్పులు దాచాలా వద్దా అని అడుగుతోంది కంప్యూటరు.
దాన్నలాగే వదిలి
రెండు బిందెలతో మెట్లు దిగాను.
వరస అప్పటికే మలుపు దాటింది.
చీకట్లో ఎవరో, ముసలి గొంతు:
"పేరు లేదే టీచరమ్మా,
ఇందులో మీదేది?"