నిలకడ

ఆ కొమ్మ పేరు నిలకడ.
పేరుకే. ఒక్క వారం కుదురుగా ఉండదు.
ప్రతి గురువారం రాత్రి కొత్త మూలం దించుకుంటాను,
అల్లూరు దాటాక, ఉప్పుగాలి
తలుపు బందుల్ని తినేసిన ఈ షెడ్డులో.
బల్ల కింద పాత కంప్యూటర్
మూడెకరాల రొయ్యల గుంటల ఊపిరి లెక్క చూస్తుంటుంది.

ముందు మార్పుల చీటీ చదవాలి.
ఏ దేశంలోనో ఎవరో, ఎవరికోసమో
మర్యాదగా రాసి పెట్టిన మాట:
పాత అమరిక తీసెయ్యకముందు ఇది చూసుకోండి.
పోయిన వేసవిలో నేను చూసుకోలేదు.
తెల్లారి రెండో గుంటలో వల లాగితే
నలభై కిలోలు, చచ్చినవే.

లోకం ముందు కట్టుకుంటుంది, కర్నెల్ ఆ తర్వాత.
తెర మీద వరసలు పారుతుంటాయి
నాలుగు గంటలు. ఫ్యాను రొద. దోమలు.
గడప మీంచి చెంగయ్య:
"నిలకడంటివి గదమ్మే, ఎందుకట్టా మారస్తా ఉండావు?"
తూము పలక ఎత్తి జానెడు నీళ్లు వదిలి
జానెడు కొత్తవి పెట్టి వచ్చాడు ఇప్పుడే,
చేతులింకా తడి.
ఏదో అనబోయి ఊరుకున్నాను.

ఇక ఆపి లేపాలి.
రెండు నిమిషాలు, ఒక్కోసారి మూడు,
గుంటల్ని చూసే దిక్కుండదు.
చెప్పకుండానే లేస్తాడు చెంగయ్య.
గట్టు మీద గొంతుక్కూచుని
టార్చి నీళ్లకి ఆనించి పట్టుకుంటాడు,
పైకెగబడుతున్నాయా, మీసాలు కనబడుతున్నాయా అని.
ఇక్కడ నల్ల తెర మీద
తెల్ల గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ.

"మే, లేసిందా నీది?"
పేరు అడుగుతోంది, అన్నాను.
కొట్టాను.
గట్టు మీద టార్చి ఆరింది.